ఆగి ఉన్న కారుకు ఒక ఉద్యోగం

2018 మార్చి మొదటి వారానికల్లా యూరప్‌లో 25 దేశాల్లో ఓవెన్ల మీది గడియారాలు, మంచం పక్కన పెట్టుకునే రేడియో అలారాలు దాదాపు 6 నిమిషాలు వెనకబడ్డాయి. వాటిలో లోపమేమీ లేదు. గోడ సాకెట్‌లోంచి వచ్చే కరెంటు సెకనుకు 50 ఆవృత్తాలు తిరుగుతుంది కదా, అవి ఆ ఆవృత్తాలనే లెక్కపెట్టి టైము చెప్పే గడియారాలు. సెకనుకు ఎన్ని ఆవృత్తాలన్నదే ఫ్రీక్వెన్సీ, దాన్ని కొలిచేది హెర్ట్జ్‌లలో. ఆ ఏడాది జనవరి మధ్య నుంచి సగటు ఫ్రీక్వెన్సీ 49.996 హెర్ట్జ్‌కు తగ్గింది. కొసావోలో వాడకానికి తగ్గ ఉత్పత్తి లేదు, ఆ లోటు పూడ్చాల్సిన సెర్బియా పూడ్చలేదు. ఇద్దరి మధ్య రాజకీయ తగాదా. గడియారాలు స్లో అయింది మాత్రం జర్మనీలో, స్పెయిన్‌లో కూడా.

గ్రిడ్ అంటే ఇదే. తీగలతో కలిసిన దేశాలన్నీ ఒకే లయలో నడుస్తాయి. థర్మల్ కేంద్రంలో టర్బైను నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే 50 హెర్ట్జ్ వస్తుంది. జనం ఎక్కువ కరెంటు లాగితే, ఎత్తు ఎక్కుతున్న సైకిల్‌లాగా అది కాస్త నెమ్మదిస్తుంది. వాడకం తగ్గితే వేగం పుంజుకుంటుంది. తీగల్లో కరెంటు నిల్వ ఉండదు కాబట్టి ఏ క్షణానికి ఎంత వాడితే ఆ క్షణానికి అంత పుట్టించాల్సిందే. మన దేశంలో ఫ్రీక్వెన్సీని 49.90, 50.05 మధ్య ఉంచాలన్నది నియమం. గ్రిడ్‌ను అదుపు చేసే లోడ్ డిస్పాచ్ సెంటర్లలో కూర్చున్నవాళ్ళు రాత్రీ పగలూ చూసే అంకె అదే. ఆ అంకెను నిలబెట్టే పనిలో ఆగి ఉన్న విద్యుత్ కారు కూడా ఓ చెయ్యి వేయగలదు.

ఇన్నాళ్ళూ వాడకం ముందు నడిచేది, ఉత్పత్తి వెనక పరుగెత్తేది. బొగ్గు కేంద్రాన్ని పెంచడానికీ తగ్గించడానికీ గంటలు పడుతుంది. శ్రీశైలం లాంటి జల విద్యుత్ కేంద్రమైతే నిమిషాల్లో అందుకుంటుంది. ఇప్పుడు సూర్యుడు వచ్చి చేరాడు. 2025 జనవరి నాటికి దేశంలో సౌర విద్యుత్ సామర్థ్యం లక్ష మెగావాట్లు దాటింది. మధ్యాహ్నం కావలసినంత కరెంటు ఉంటుంది. సాయంత్రం ఆరయ్యేసరికి సౌర పలకలన్నీ మూగబోతాయి, సరిగ్గా అప్పుడే ఇళ్ళలో లైట్లు, ఏసీలు, మిక్సీలు మొదలవుతాయి. ఆఫీసు నుంచి ఇంటికొచ్చిన విద్యుత్ కారు యజమాని చార్జింగ్ పెట్టేదీ ఆ వేళకే.

వేళ చూసి వాడకాన్ని పక్కకు జరపడం మనకు కొత్తేమీ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏళ్ళ తరబడి జరిగింది అదే. పట్టణాలకు, పరిశ్రమలకు పోగా మిగిలిన కరెంటును వ్యవసాయ ఫీడర్లకు విడతలుగా, చాలాచోట్ల రాత్రిపూట వదిలేవారు. గ్రిడ్ సర్దుకునేది. టార్చిలైటు పట్టుకుని అర్ధరాత్రి మోటారు దగ్గరికి పోయిన రైతు పాము కాటుకో, కరెంటు షాకుకో గురయ్యేవాడు. ఆ తిప్పలు పడలేక ఆటో స్టార్టర్లు బిగించుకున్నారు. దాంతో ఇంకో చిక్కు: కరెంటు రాగానే ఊళ్ళో మోటార్లన్నీ ఒక్కసారే లేచి ట్రాన్స్‌ఫార్మర్ మీద పడేవి.

కారు విషయంలో ఈ జరపడానికి ఎవరూ నిద్ర లేవనక్కర్లేదు. లెక్క చూడండి. రోజుకు 40 కిలోమీటర్లు తిరిగే చిన్న కారుకు సుమారు 6 యూనిట్లు చాలు. ఇంట్లో వాడే 3.3 కిలోవాట్ల చార్జర్ మీద అది రెండు గంటల పని. కారేమో రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా పార్కింగ్‌లోనే ఉంటుంది. పన్నెండు గంటల్లో ఏ రెండు గంటలైనా యజమానికి ఒకటే. ఫ్రిజ్‌కు, ఫ్యానుకు ఈ వెసులుబాటు లేదు. అలాంటి కార్లు పది లక్షలు ఒకేసారి ప్లగ్ అయితే 3,300 మెగావాట్లు. శ్రీశైలం కుడి, ఎడమ గట్టు కేంద్రాలు రెండూ కలిపి 1,670 మెగావాట్లే కాబట్టి, ఇది దానికి దాదాపు రెండింతలు. వాటినే విడతలుగా చార్జ్ చేస్తే ఆ బరువు కనిపించదు. వీధి స్థాయిలో ఇంకా తేలిగ్గా తెలుస్తుంది: 100 కేవీఏ (సుమారు వంద కిలోవాట్లు మోసే) ట్రాన్స్‌ఫార్మర్ కింద 7 కిలోవాట్ల చార్జర్లు పద్నాలుగు ఒకేసారి నడిస్తే ఇళ్ళకు ఇక మిగిలేది ఏమీ ఉండదు.

ఫలానా టైముకు రేటు తగ్గుతుందని ప్రకటిస్తే మళ్ళీ ఆటో స్టార్టర్ల కథే. గంట కొట్టగానే అందరి చార్జర్లూ ఆన్. బ్రిటన్‌లో 2022 జూన్ 30 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల్లో దీనికి చక్కని విరుగుడు ఉంది. ఇళ్ళలో పెట్టే కొత్త చార్జర్ ముందుగా రద్దీ వేళలు తప్పించేలా సెట్ అయి ఉండాలి. పైగా ఆన్ అయ్యే ముందు 10 నిమిషాల లోపు ఎంతసేపైనా, ఏదో ఒక యాదృచ్ఛిక వ్యవధి ఆగాలి. ఒకటి రెండో నిమిషంలో, ఇంకొకటి ఏడో నిమిషంలో. యజమానికి తేడాయే తెలియదు.

దీనికి పై మెట్టు, కారులోంచి గ్రిడ్‌కు కరెంటు తిరిగి ఇవ్వడం. 1997లోనే అమెరికాలో విల్లెట్ కెంప్టన్, స్టీవెన్ లెటెండర్ అనే పరిశోధకులు ఈ ఆలోచనను పత్రంగా రాశారు. 2016లో కోపెన్‌హాగన్‌ను ఆనుకుని ఉన్న ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో దాన్ని నిజం చేసి చూపించారు. అక్కడి పురపాలక సేవల సంస్థకు పది నిస్సాన్ విద్యుత్ వ్యాన్లుండేవి. పగలు ఊళ్ళో పని, సాయంత్రం డిపోలో రెండు వైపులా పనిచేసే 10 కిలోవాట్ల చార్జర్లకు తగిలింపు. ఫ్రీక్వెన్సీ 50 కంటే కాస్త జారగానే వ్యాన్లు సెకన్లలో కరెంటు ఇచ్చేవి. పైకి పోతే తీసుకునేవి. డెన్మార్క్ కరెంటులో సగానికి పైగా గాలిది కాబట్టి అక్కడ ఇలాంటి సేవకు గిరాకీ ఉంది. డబ్బు ముఖ్యంగా వచ్చేది యూనిట్లు అమ్మినందుకు కాదు, పిలిస్తే పలికేలా సిద్ధంగా ఉన్నందుకు.

మరి బ్యాటరీ పాడవదా? ఇది అందరికీ ఉన్న టెన్షనే, శాస్త్రవేత్తలు కూడా కొట్లాడుకున్నారు. 2017లో హవాయి పరిశోధకులు పాడవుతుందన్నారు, బ్రిటన్‌లోని వార్విక్ వాళ్ళు తెలివిగా వాడితే ఆయుష్షు పెరుగుతుందన్నారు. మరుసటి ఏడాది ఇద్దరూ కలిసి ఒక పత్రం రాశారు: ఎలా వాడతామన్న దాన్ని బట్టే ఫలితం. వేడిలో, నూరు శాతం చార్జితో గంటల తరబడి నిలబెట్టడం లిథియం బ్యాటరీకి పడదన్నది మాత్రం స్పష్టం. మన ఎండలకు అది గుర్తుంచుకోవాల్సిన మాట.

నన్నడిగితే, మనం ఇప్పుడే వెనక్కి ఇచ్చే చార్జర్ల కోసం ఆరాటపడనక్కర్లేదు. అవి ఖరీదు. వేళ మార్చడంతోనే చాలా లాభం వస్తుంది. పైగా రాత్రే చార్జింగ్ పెట్టాలన్న పాశ్చాత్య సలహా మనకు పూర్తిగా కుదరదు. మన దగ్గర చవక కరెంటు మధ్యాహ్నానిది, ఆ వేళ కార్లుండేది హైటెక్ సిటీ ఆఫీసుల సెల్లార్లలో. కేంద్రం 2024 మార్గదర్శకాల్లో ఉదయం 9 నుంచి సాయంత్రం 4 వరకు చార్జింగ్ స్టేషన్లకు ఇచ్చే కరెంటు ధర సగటు సరఫరా వ్యయంలో (యూనిట్ అందించడానికి సగటున అయ్యే ఖర్చులో) 0.7 వంతు, మిగతా వేళల్లో 1.3 వంతు ఉండాలంది. దారి సరైనదే. అయితే ఆ తేడా బండి నడిపేవాడి దాకా రావాలి. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో సాకెట్ కామన్ మీటరుకు కలిపి, నెలకు ఇంతని అసోసియేషన్ వసూలు చేస్తున్నప్పుడు, సాయంత్రం ఏడింటికి ప్లగ్ పెట్టినా తెల్లవారుజామున రెండింటికి పెట్టినా అతనికి పడే బిల్లు ఒకటే.