పప్పు తింటే కుట్లు చీము పడతాయా? క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత అపోహలు - వాస్తవాలు

డిశ్చార్జ్ కార్డు చేతికివ్వగానే మా వార్డులో అందరూ అడిగే మొదటి మాట ఒకటే: "సిస్టర్, పత్తెం ఏంది?" పత్తెం ఏమీ లేదు, అన్నీ తినాలి అని చెప్తాను. పేషెంట్ పక్కన కూర్చున్న పెద్దావిడ సరేనని తలూపుతుంది కానీ నమ్మదు. ఇంటికెళ్లాక వంట చేసేది ఆమే.

నేను వరంగల్‌లో క్యాన్సర్ సర్జరీ వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను. పరకాల, నర్సంపేట, ములుగు, భూపాలపల్లి నుంచి వస్తారు మా దగ్గరికి. ఏ ఊరి వాళ్లయినా చెప్పే లిస్టు మాత్రం ఒకటే. పప్పు తింటే చీము, గుడ్డు తింటే చీము, వంకాయతో దురద, పెరుగుతో నెమ్ము, చికెన్ వేడి. ఇవన్నీ తీసేస్తే కంచంలో మిగిలేది మెత్తటి అన్నం, ఎల్లిపాయ కారం, మిరియాల చారు. పెద్ద ఆపరేషన్ అయిన మనిషి నెల రోజులు దీని మీదే బతకాలట!

చీము పట్టేది క్రిముల వల్ల. గాయంలో బ్యాక్టీరియా చేరితే మన రక్తంలోని తెల్లకణాలు వాటితో పోరాడతాయి. అక్కడ చచ్చిన కణాలూ క్రిములూ కలిసిందే చీము. తిన్న పప్పు పేగుల్లో అరిగి, అందులోని ప్రొటీన్ చిన్న చిన్న ముక్కలై రక్తంలో కలుస్తుంది. కోసిన చోట కొత్త కండ, కొత్త చర్మం కట్టేది దానితోనే. ఆ తెల్లకణాలు తయారవ్వాలన్నా అదే కావాలి. ప్రొటీన్ అందకపోతే గాయం మానదు, కుట్లు విడతాయి, క్రిములను ఆపే శక్తి తగ్గుతుంది. అంటే చీము పడుతుందని భయపడి ఏ తిండి మాన్పిస్తున్నారో, అది మానేసినందుకే చీము పట్టే ప్రమాదం పెరుగుతోంది.

లెక్క చెప్తాను. ఆపరేషన్ అయిన మనిషికి రోజుకు కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి. 50 కిలోల మనిషికి 60 నుంచి 75 గ్రాములు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు ఉంటుంది, 200 మిల్లీలీటర్ల పాలల్లోనూ దాదాపు అంతే. కప్పు అన్నంలో 4 గ్రాములకు మించదు. అన్నం, చారు మూడు పూటలా కడుపునిండా తిన్నా అవసరంలో సగం కూడా రాదు. అందుకే రోజూ రెండు గుడ్లు, రెండు పూటలా గట్టి పప్పు, పాలు, పెరుగు, గుప్పెడు పల్లీలో ఉడికించిన శనగలో తినమంటాం. మాంసం తినేవాళ్లు చేపో చికెనో తినాలి. బాయిలర్ కోడి అయినా నాటుకోడి అయినా ప్రొటీన్‌లో పెద్ద తేడా లేదు. కొందరు షోర్వా తాగించి ముక్కలు ఇంట్లో వాళ్లు తింటారు. బలం ముక్కలోనే ఉంది, అది పేషెంట్‌కు పెట్టండి. ఒకేసారి తినలేకపోతే రోజుకు ఆరుసార్లు కొంచెం కొంచెం పెట్టండి.

రొమ్ము ఆపరేషన్ అయిన ఒక చెల్లె మంచిగా నడుచుకుంటూ ఇంటికెళ్లింది. కుట్లు తీయించుకోవడానికి వచ్చేసరికి మొఖం పీక్కుపోయి, కుట్టు అంచులు విడి ఉన్నాయి. ఏం తిన్నావంటే అత్తమ్మ వైపు చూసింది. ఆ అత్తమ్మ కోడలికి పత్తెం పెట్టి, తాను కూడా కూర ముట్టకుండా అదే తిన్నది. విషయం చెప్తే అక్కడే కూలబడి ఏడ్చింది. అలాంటి మనిషిని ఎట్లా కోప్పడతాం? ఆమెకు చదువు రాదు. అందుకని కార్డు వెనక గుడ్డు, పాల గ్లాసు, చేప, పప్పు గిన్నె బొమ్మలు గీసిచ్చాను. తర్వాత గాయం మానింది. కానీ అది మానేదాకా కీమో ఆపాల్సి వచ్చింది. రొమ్ము క్యాన్సర్‌లో ఆపరేషన్ తర్వాత కీమో అవసరమైతే మామూలుగా 4 నుంచి 6 వారాల్లో మొదలుపెడతారు. మరీ ఆలస్యమైతే రోగం తిరగబెట్టే ముప్పు పెరుగుతుంది. పత్తెం వల్ల పోయేది ఆ సమయం.

ఈ మధ్య ఫోన్లలో ఇంకో మాట తిరుగుతోంది, తిండి ఆపితే గడ్డ ఎండిపోతుందని. ముందు ఎండిపోయేది మనిషి కండ. ఇలాంటివి పంపేవాళ్లు ఒక్కరోజు మా వార్డుకు వచ్చి చూడాలి.

పేగు ఆపరేషన్ అయినవాళ్లకు, పొట్ట మీద సంచి పెట్టినవాళ్లకు, నోటి ఆపరేషన్ తర్వాత ముక్కు గొట్టంతో తాగేవాళ్లకు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు డాక్టర్ రాసిచ్చిన డైటే పాటించాలి. షుగర్ ఉంటే దాన్ని అదుపులో పెట్టాలి, గాయం మానకపోవడానికి అదీ పెద్ద కారణమే. కచ్చితంగా పత్తెం చేయాల్సినవి గుట్కా, ఖైనీ, చుట్ట, బీడీ, కల్లు. వీటి గురించి మాత్రం ఎవరూ అడగరు.

మిగతావి త్వరగా చెప్తాను. మత్తు నుంచి లేచేటప్పుడు వణకడం, గొంతు నొప్పి, వాంతి వచ్చినట్టు ఉండటం మామూలే. పెద్ద వయసు వాళ్లు ఒకటి రెండు రోజులు తికమకగా మాట్లాడొచ్చు, మనుషులను గుర్తుపట్టకపోవచ్చు. బాపుకు పిచ్చి లేచిందని బయట ఏడవకండి. మాకు చెప్పండి, కారణం వెతుకుతాం. మంచం దగ్గర ఇంటి మనిషి ఉండి మెల్లగా పేరు పెట్టి పిలవాలి, కళ్లద్దాలు, చెవి మిషన్ ఉంటే తెచ్చి పెట్టాలి.

కదిలితే కుట్లు ఊడవు. డాక్టర్ వద్దనకపోతే మర్నాటి నుంచే లేపి నడిపిస్తాం. పడుకునే ఉంటే ఊపిరితిత్తుల్లో కఫం చేరుతుంది, కాళ్లలో రక్తం గడ్డకడుతుంది. పొట్ట, గర్భసంచి క్యాన్సర్ పెద్ద ఆపరేషన్లలో రక్తం గడ్డకట్టకుండా ఇంజక్షన్లు ఇంటికెళ్లాక కూడా రాస్తారు, కొందరికి 4 వారాల దాకా. బాగానే ఉంది కదా అని మధ్యలో ఆపొద్దు. నొప్పి మాత్రలకు అలవాటు పడతామని భయపడి ఓర్చుకోవద్దు, నొప్పి ఉంటే దగ్గలేరు, నడవలేరు.

గాలి తగిలితే క్యాన్సర్ పాకదు. ఒకే కంచంలో తింటే అంటుకోదు. కుట్ల మీద పసుపు, ఆకు పసరు పెట్టొద్దు.

ఆపరేషన్ అయింది, రోగం పోయిందని రిపోర్టుకు రాకుండా ఉండిపోయేవాళ్లూ ఉన్నారు. తీసిన ముక్కను పరీక్షించిన బయాప్సీ రిపోర్టు చూశాకే కీమో, రేడియేషన్ కావాలో వద్దో తేలుతుంది. ఆరోగ్యశ్రీలో ఆ రెండూ ఉన్నాయి, డబ్బుల భయంతో ఆగకండి.

ఇంటికెళ్లాక జ్వరం 100.4 దాటినా, కుట్టు చుట్టూ ఎర్రగా వేడిగా వాచినా, వాసన వచ్చే నీరు కారినా, ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టినా అదే రోజు ఆసుపత్రికి ఫోన్ చేయండి, రాత్రయినా సరే. ఉన్నట్టుండి ఆయాసం వస్తే మాత్రం మాకు ఫోన్ చేస్తూ కూర్చోవద్దు. 108కి కొట్టి, దగ్గర్లో ఉన్న పెద్ద ఆసుపత్రికి వెళ్లండి. డిశ్చార్జ్ కార్డు వెంట తీసుకెళ్లండి.