ఇంత మంచులో నీ మిషన్‌కి దారెలా కనపడుద్ది?

జనవరి మొదటి వారం. తెల్లారి ఆరున్నరకి సఖినేటిపల్లి రేవులో నిలబడ్డాం. వశిష్ఠ అవతల నర్సాపురం ఒడ్డు సంగతి అలా ఉంచండి, రేవులో కట్టేసిన పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) రెండో కొస కూడా కనపడటం లేదు. మంచు తగ్గేదాకా కదలదన్నారు. నా జేబులో అరచేతిలో ఇమిడే జీపీఎస్ ఉంటే తీసి ఆన్ చేశాను. నిమిషం తిరక్కుండానే మేమున్న చోటు చూపించి, తేడా మూడు మీటర్లు అని వేసింది. పక్కనే ఉన్న మా బాబాయి, ఏరు సముద్రంలో కలిసే అంతర్వేది మొగ దాటి ఏళ్ల తరబడి వేటకెళ్లిన మనిషి. తెర మీదకి వంగి చూసి, "ఇంత మంచులో నీ మిషన్‌కి దారెలా కనపడుద్దిరా?" అన్నాడు.

నిజంగా మంచి ప్రశ్న. మనకి మంచు అంటే ఒక్కటే మాట. ఏటి మీద కమ్ముకునేదీ మంచే, పొద్దున్నే గడ్డి మీద మెరిసేదీ మంచే, హిమాలయాల్లో మోకాలి లోతు పడేదీ మంచే. ఆ పరికరానికి మాత్రం ఈ మూడూ మూడు వేర్వేరు సంగతులు.

ఏటి మీది మంచు అసలు లెక్కే కాదు. జీపీఎస్ ఉపగ్రహాలు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. అక్కణ్ణుంచి వచ్చే రేడియో అల పొడవు 19 సెంటీమీటర్లు, అంటే జానెడుకి కాస్త తక్కువ. పొగమంచులో చుక్కలు ఎంత సన్నమంటే, వంద చుక్కలు వరసగా పేర్చినా ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటవు. ఏట్లో పాతిన వెదురు గెడని పెద్ద కెరటం ఎలా దాటిపోతుందో చూశారుగా? గెడ ఉన్నట్టే దానికి తెలియదు. రేడియో అలకి మంచు చుక్క అలాంటిదే. వెలుగు పరిస్థితి వేరు. దాని అల చుక్క కన్నా ఎన్నో రెట్లు చిన్నది కాబట్టి ప్రతి చుక్కకీ తగిలి పక్కకి చెదురుతుంది. మన కంటికి తెల్లగోడ కట్టినట్టుండేది అందుకే.

బాబాయికి ఇంకో మాట కూడా చెప్పాను, పడవ నడిపేవాళ్లందరికీ అదే చెప్తాను. ఆ తెర మనం ఎక్కడున్నామో చూపిస్తుంది, ఎదురొచ్చే పడవని చూపించదు. వరదల తర్వాత మొగలో ఇసుక మేట జరిగిపోతే అదీ దానికి తెలియదు. ఆషాఢంలో గుర్తుపెట్టుకున్న దారి పుష్యంలో మేట మీదుగా పోవచ్చు.

ఇక హిమాలయాల మంచు, అంటే అసలు చలి. కోనసీమలో చలికి జీపీఎస్‌కి వచ్చే ఇబ్బందేమీ లేదు. ఈ సంగతి తవ్వి చూడాల్సి వచ్చింది మా మేనల్లుడి వల్ల. సంక్రాంతి సెలవుల్లో ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ ఎక్కుతానని, "మామయ్యా, నీ జీపీఎస్ ఇస్తావా?" అని అడిగాడు. ఆ శిఖరం సుమారు 12,500 అడుగులు. రాత్రిళ్లు సున్నాకి బాగా దిగువన ఉంటుంది. ఇచ్చే ముందు ఇంట్లోనే పరీక్షించాను. సగం వాడిన రెండు ఆల్కలైన్ సెల్స్ వేసి, పరికరాన్ని రాత్రంతా డీప్ ఫ్రీజర్‌లో ఉంచాను. అక్కడ మైనస్ 18 దాకా ఉంటుంది. నాది మైనస్ 20 వరకూ ఓర్చుకునే మోడల్.

పొద్దున తీసి బటన్ నొక్కితే తెర వెలగడానికే ఆలోచించింది. అంకె మారినప్పుడు పాత అంకె నీడలా కాసేపు మిగిలే ఉంది. ఎల్సీడీలో ద్రవ స్ఫటికాలు చలికి చిక్కబడి నెమ్మదిగా తిరుగుతాయి మరి. కాసేపటికే బ్యాటరీ అయిపోయిందని హెచ్చరించి ఆరిపోయింది. ఆ రెండు సెల్సూ తీసి పావుగంట గుప్పిట్లో పట్టుకుని మళ్లీ వేశాను. బ్యాటరీ బొమ్మ మళ్లీ సగం నిండుగా కనపడింది!

చార్జి ఎక్కడికీ పోలేదన్నమాట. శీతాకాలం మనిళ్లలో కొబ్బరినూనె గడ్డకడుతుంది. సీసాలో నూనె ఉంటుంది, వంపితే రాదు. ఎండలో పెడితే వస్తుంది. సెల్‌లోని పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం ఆ చలికి గడ్డకట్టదు కానీ చిక్కబడుతుంది. అందులో కరెంటు మోసే అయాన్ల నడక మందగిస్తుంది, సెల్ లోపలి నిరోధం పెరుగుతుంది. పరికరం కరెంటు లాగగానే వోల్టేజి కిందికి జారుతుంది. అది చూసి పరికరం సెల్ ఖాళీ అనుకుంటుంది.

అందుకే మావాడికి లిథియం ఏఏ సెల్స్ కొనిచ్చాను. వాటి లోపల నీళ్లుండవు, మైనస్ 40 వరకూ పనిచేసేలా చేస్తారు. ఇవి వాడి పారేసే రకం, ఫోన్లలో ఉండే లిథియం అయాన్ బ్యాటరీ వేరు. ఫోన్ బ్యాటరీని సున్నా డిగ్రీల లోపు చార్జి చేయకూడదు. లోపల లిథియం లోహం పేరుకుని శాశ్వతంగా పాడవుతుంది. గుడారంలో పవర్ బ్యాంకుకి తగిలించి పడుకునేవాళ్లకి ఈ ఒక్క ముక్కా తప్పకుండా చెప్పండి.

చలికి సెల్స్ మందగించకూడదంటే పరికరాన్ని ఒంటికి ఆనించి పెట్టుకోమంటారు. అక్కడే ఒక చిక్కుంది. మన ఒళ్లు చాలావరకు నీళ్లే, నీళ్లు ఈ రేడియో అలని మింగేస్తాయి. కోటు లోపల, గుండెకి ఆనుకుని ఉన్న జీపీఎస్‌కి సగం ఆకాశం కనపడదు. పోనీ ఆపేసి లోపల పెట్టుకుని, కావాల్సినప్పుడు తీసి ఆన్ చేద్దామా? ఉపగ్రహాల కక్ష్య వివరాలు కొన్ని గంటలే చెల్లుతాయి. ఆ తర్వాత మళ్లీ వినాలి. ఒక్కో ఉపగ్రహం వాటిని 30 సెకన్లకోసారి చెప్తుంది, మధ్యలో తెగితే ఇంకో 30 సెకన్లు ఆగాలి. ఏమీ గుర్తులేని స్థితి నుంచి మొదలవడాన్ని కోల్డ్ స్టార్ట్ అంటారు, ఆ పేరుకీ చలికీ సంబంధం లేదు. నాకు తోచిన పద్ధతి ఇది: నడిచేటప్పుడు పరికరం ఆన్‌లోనే, బ్యాగు భుజం పట్టీ మీద ఆకాశం వైపు ఉండాలి. అదనపు సెల్స్ మాత్రం లోపలి చొక్కా జేబులో వెచ్చగా ఉండాలి. గ్లవ్స్‌తో తాకితే చాలా టచ్ తెరలు పలకవు, చలిలో బటన్ల మోడలే మేలు.

ఇక మిగిలిన మంచు, గడ్డి మీద మెరిసే రకం, దాని గురించి నాకూ ముందు తోచలేదు. ఫ్రీజర్ నుంచి తీసిన పరికరం మన వంటింటి తేమ గాలికి క్షణాల్లో తెల్లగా నూగు కట్టింది, కాసేపటికి చుక్కలు కారాయి. మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా తడవదని దాని మీద రాసుంది, నిజమే. కానీ నేను సెల్స్ మార్చడానికి మూత తీశానుగా! స్ప్రింగుల మీద సన్నటి చెమ్మ పట్టేసింది. నలుగురు ఊపిరి వదిలే గుడారంలోనూ ఇదే జరుగుతుంది. లోపలికి వచ్చే ముందే, బయటి చలిగాలిలోనే దాన్ని జిప్ కవర్లో పెట్టి మూసెయ్యాలి. చెమ్మ కవరు మీద పడుతుంది. పరికరం గది వేడికి వచ్చాక కవరు విప్పితే చాలు. నేను ఆలస్యంగా తెలుసుకున్నాను కాబట్టి మూత తెరిచి, పొడిగుడ్డతో తుడిచి, ఫ్యాను కింద పెట్టాను. మా అమ్మ బియ్యం డబ్బాలో పెట్టమంది కానీ వద్దన్నాను, బియ్యంలో ఉండే పిండి దుమ్ము స్ప్రింగుల్లో చేరుతుంది. మావాడి బ్యాగులో రెండు జిప్ కవర్లు, ఒక దిక్సూచి, కాగితం మ్యాపు పెట్టాను. పరికరానికి బాబాయి వలతాడు ముక్క కట్టి ఇచ్చాడు, గ్లవ్స్ చేతుల్లోంచి జారినా కింద పడకుండా.