తాతయ్య మెడకి ఆట ఎందుకంటే

పిల్లలూ,

మొన్న ఫోన్‌లో మీరిద్దరూ ఒకటే గొడవ. తాతయ్య ముఖానికి నల్ల డబ్బా ఒకటి తగిలించుకుని గాల్లోకి చూస్తూ తల తిప్పుతున్నాడు, అది వైద్యమా ఆటా, ఆటైతే మాకెందుకివ్వరు అని. అది కళ్ళకి కట్టుకుంటే చుట్టూ బొమ్మల లోకం చూపించే వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్, దాంతో ఆయన ఆడేది మెడకి వైద్యమే. ఫోన్‌లో చెబితే సగం విని సగం వదిలేస్తారు కాబట్టి రాస్తున్నా. పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి. ఫిజియోథెరపీ చేయిస్తూనే నేను పెద్దదాన్నయ్యాను, ఈ సంగతి మీకు సరిగ్గా తెలియాలని నాకు చాలా ఉంది, ఎందుకంటే రోజంతా ఆయన పక్కన ఉండేది మీరే.

తాతయ్య స్కూటర్ సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు వెనకనుంచి ఆటో గుద్దింది కదా. కిందపడలేదు, రక్తం రాలేదు, అందరం హమ్మయ్య అనుకున్నాం. కానీ ఆ ఒక్క కుదుపులో తల వెనక్కీ ముందుకీ ఊగిపోయింది. మెడ పట్టేసింది, కొన్ని వారాలకి నొప్పి కాస్త నెమ్మదించింది, అప్పుడు ఇంకోటి మొదలైంది. పక్కకి తిరిగి చూస్తే చాలు, ఒళ్ళు తూలినట్టుంటుంది, ఎక్కడో ఒకచోట చెయ్యి ఆనించాలనిపిస్తుంది. గది గిర్రున తిరగదు. పడిపోడు కూడా. అందుకే చూసేవాళ్ళకి ఏమీ లేనట్టే కనిపిస్తుంది, 'ఊరికే భయపడుతున్నాడు' అనేస్తారు. మీరు మాత్రం ఆ మాట అనకండి. ఆయనకి తెలుస్తున్నది నిజం.

ఎందుకలా అవుతుందో చెప్తాను. కళ్ళు మూసుకున్నా మీ తల ఎటు తిరిగి ఉందో మీకు తెలుస్తుంది, అవునా? లోపలి చెవిలో మూడు వంకర గొట్టాలుంటాయి, వాటిలో ద్రవం ఉంటుంది, తల తిరిగితే అది కదిలి మెదడుకి కబురు వెళుతుంది. ఇంతవరకూ మీ సైన్స్ పుస్తకంలో ఉండే ఉంటుంది. అయితే చెవికి తెలిసేది తల సంగతి ఒక్కటే. తల మాత్రమే తిరిగిందా, మనిషి మొత్తం తిరిగాడా అన్నది చెవికి తెలియదు. భుజాల మీద తల ఎంత తిరిగిందో చెప్పేది మెడే. పుర్రె అడుగున, మెడ మొదట్లో, మీ చిటికెన వేలంత కూడా లేని కండరాలు కొన్ని ఉంటాయి, 'ఎంత సాగాను' అని మెదడుకి ఎప్పటికప్పుడు చెప్పే సన్నటి పోగులు వాటిలో కిక్కిరిసి ఉంటాయి, మజిల్ స్పిండిల్స్ అంటారు వాటిని. మన చిత్తూరు వాళ్ళు వైద్యానికి వెళ్ళే వేలూరు సి.ఎం.సి. పరిశోధకులే 2001లో గర్భస్థ శిశువుల కండరాల్లో వీటిని లెక్కపెట్టి, అక్కడి ఒక చిన్న కండరంలో గ్రాముకి 242 ఉన్నాయని రాశారు. భుజాల మీద పరుచుకుని ఉండే పెద్ద కండరాల్లో ఇందులో చాలా చిన్న వంతే ఉంటాయి. అంటే ఆ బుల్లి కండరాల ముఖ్యమైన పని బరువు మోయడం కాదు, తల ఎక్కడుందో చెప్పడం.

1977లో కొందరు పరిశోధకులు మెడ పైభాగంలో మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చూశారు. చెవులు బాగున్నాయి, కళ్ళు బాగున్నాయి, కాళ్ళకేమీ కాలేదు, అయినా మనుషులు తిన్నగా నడవలేక తూలారు. మెడనుంచి వెళ్ళే కబురు ఒక్కటి ఆగితే అంత పని జరుగుతుంది. తాతయ్యకి కబురు ఆగలేదు, తప్పుగా వెళుతోంది. నొప్పితో బిగుసుకున్న కండరాలు ఒకటి చెబుతాయి, చెవి ఇంకోటి చెబుతుంది, కళ్ళు మరోటి. పవర్ మారిన కళ్ళజోడు మొదటిరోజు పెట్టుకుని మెట్లు దిగితే అడుగు ఎక్కడ పడుతుందో తెలియక తడబడతారు చూడండి, అలా ఉంటుంది ఆయనకి, కాకపోతే తీసి పక్కన పెట్టడానికి అది కళ్ళజోడు కాదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మన దగ్గర తల తిరుగుతోందంటే చాలు, మెడ ఎక్స్‌రే తీయడం, ఎముకలు అరిగాయనడం, కాలర్ కట్టడం అలవాటైపోయింది. వయసు మీద పడ్డాక ఎక్స్‌రేలో మెడ అరుగుదల దాదాపు అందరికీ కనిపిస్తుంది, ఏ ఇబ్బందీ లేనివాళ్ళకి కూడా. కాబట్టి అరుగుదల కనిపించినంత మాత్రాన తల తిరగడానికి అదే కారణమని తేల్చేయడం నాకు అస్సలు నచ్చదు. మంచంమీద పక్కకి ఒత్తిగిలగానే గది గిర్రున తిరిగి నిమిషంలోపు ఆగిపోతుంటే అది చాలాసార్లు మెడ కాదు, లోపలి చెవిలో సున్నపు రేణువులు ఉండాల్సిన చోటు నుంచి జారడం. తలని ఒక వరసలో తిప్పి పడుకోబెట్టే పద్ధతి ఉంది దానికి, అమెరికా డాక్టర్ ఎప్లీ పేరుతో పిలుస్తారు, ఒకటి రెండుసార్లు చేస్తే చాలామందికి తగ్గిపోతుంది. అలాంటివాళ్ళు నెలల తరబడి కాలర్ కట్టుకుని తిరుగుతుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. పైగా కాలర్‌తో మెడ కదలకుండా ఉంచినకొద్దీ ఆ చిన్న కండరాలు చెప్పే కబురు ఇంకా మందగిస్తుంది.

మెడ వల్ల తల తిరగడం గురించి రయాన్, కోప్ అనే ఇద్దరు 'లాన్సెట్' వైద్య పత్రికలో 1955లోనే రాశారు. అయినా ఇదిగో ఇదే అని తేల్చే ఒక్క పరీక్ష ఇప్పటికీ లేదు. బీపీ, చెవి, మెదడు, గుండె, వాడే మందులు, అన్నీ చూసి, అవేవీ కావని తేలాక, మెడ నొప్పీ తల తిరగడమూ కలిసి వస్తున్నాయంటే అప్పుడు మెడ అంటారు. తాతయ్యకి ఇవన్నీ చూశాకే ఈ వ్యాయామాలు మొదలుపెట్టారు.

ఇప్పుడు మీరు చేసి చూడగలిగేది ఒకటి చెప్తా. నుదుటికి రిబ్బను కట్టి దానికి చిన్న టార్చ్ బిగించండి (సన్నగా వెలుతురు పడేది చాలు, లేజర్ వద్దు, కళ్ళలో పడితే ప్రమాదం). గోడకి 90 సెంటీమీటర్ల దూరంలో కుర్చీ వేసుకుని కూర్చుని, వెలుతురు పడిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. కళ్ళు మూసుకుని తల పూర్తిగా కుడివైపు తిప్పి, మళ్ళీ మొదటి చోటుకే తెచ్చానని మీకనిపించాక ఆపండి. వెలుతురు ఇప్పుడెక్కడుందో ఇంకొకరు కొలవాలి. 7 సెంటీమీటర్లు తేడా వస్తే కోణంలో అది సుమారు 4.5 డిగ్రీలు, పెద్ద పిల్లకి టాన్ లెక్క వచ్చు కదా, వేసి చూడమనండి. పదేపదే చేసినా అంతకన్నా ఎక్కువ తేడా వస్తుంటే మెడ కబురు సరిగ్గా లేదని మేం అనుమానిస్తాం. మీకు సరదా పరీక్ష, తాతయ్యకి మొదటిరోజు చేసిన పరీక్ష ఇదే.

ఇక ఆ నల్ల డబ్బా. అందులో మీ ఫోన్‌లో ఉన్నలాంటి గైరోస్కోపే ఉంటుంది, తల ఎటు ఎంత తిరిగిందో, ఎంత వేగంగా తిరిగిందో క్షణక్షణం కొలుస్తుంది. తాతయ్యకి లోపల ఒక చిన్న విమానం కనిపిస్తుంది, ముక్కు ఎటు తిప్పితే విమానం అటు వెళుతుంది, అక్కడక్కడా వచ్చే లక్ష్యాలని దాంతో తాకాలి. మొదట లక్ష్యాలు దగ్గరగా వస్తాయి, తర్వాత ఇంకాస్త పక్కకి జరుగుతాయి, అంటే మెడ ఇంకాస్త తిరగాలి. ఆ తర్వాత త్వరత్వరగా మాయమవుతాయి, అంటే వేగంగా తిరగాలి. ఇంకో ఆటలో మెల్లగా కదిలే చుక్కని గీత తప్పకుండా వెంబడించాలి, అది కచ్చితత్వం కోసం. నన్నడిగితే వీటిలో వేగం చాలా ముఖ్యం. రోడ్డు దాటేటప్పుడు హారన్ వినగానే తల తిప్పాలి కదా, అక్కడ 'మెల్లగా తిప్పండి' అంటే కుదరదు. తూలడానికి భయపడి ఆయన తల తిప్పడమే మానేశాడు, ఎవరైనా పిలిస్తే నడుంతో సహా తిరుగుతున్నాడు, మీరు గమనించే ఉంటారు. మామూలు వ్యాయామంలో 'తల తిప్పండి' అనగానే ధ్యాసంతా మెడమీదికీ భయంమీదికీ పోతుంది. ఆటలో ధ్యాస విమానంమీద ఉంటుంది, మెడ తన పని తాను చేసుకుపోతుంది.

దక్షిణ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయం వాళ్ళు 2015లో ఇంకో వింత చూపించారు. దీర్ఘకాలంగా మెడనొప్పి ఉన్న 24 మందికి ఇలాంటి హెడ్‌సెట్ పెట్టి, నొప్పి మొదలయ్యేదాకా తల తిప్పమన్నారు. కొన్నిసార్లు కళ్ళముందు దృశ్యాన్ని నిజంగా తిరిగినదానికన్నా తక్కువ తిప్పి చూపించారు, కొన్నిసార్లు ఎక్కువ తిప్పి. తక్కువ తిరిగామని కళ్ళకి కనిపించినప్పుడు వాళ్ళు ఇంకొంత దూరం నొప్పి లేకుండా తిప్పగలిగారు, ఎక్కువ కనిపించినప్పుడు నొప్పి ముందే వచ్చింది. అదే మెడ, అదే మనిషి. దీన్నిబట్టి నొప్పి అబద్ధమని అనుకోకండి. కళ్ళు ఇచ్చే సమాచారాన్ని కూడా కలుపుకుని ఎక్కడ ఆపాలో మెదడు నిర్ణయిస్తోందన్నమాట, ఆ నిర్ణయాన్ని మెల్లగా మార్చొచ్చన్నమాట.

ఈ విమానం ఆట లాంటివాటి మీద ఇజ్రాయెల్‌లోని హైఫా విశ్వవిద్యాలయమూ ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయమూ కలిసి చాలా పని చేశాయి. 2018లో అచ్చయిన వాళ్ళ అధ్యయనం ఒకదానిలో మెడనొప్పి ఉన్నవాళ్ళలో కొందరికి హెడ్‌సెట్ ఇచ్చారు, కొందరికి తలకి కట్టుకునే మామూలు లేజర్ లైటు ఇచ్చి గోడమీద గురి పెట్టమన్నారు, ఇంట్లోనే 4 వారాలు. రెండు రకాలవాళ్ళూ బాగుపడ్డారు! ఇది నాకు ఎంత సంతోషమో చెప్పలేను. హెడ్‌సెట్ కొనలేని ఇంట్లో కూడా, ఫిజియోథెరపిస్ట్ దగ్గర పద్ధతి నేర్చుకుంటే, టోపీకి లైటు కట్టుకుని గోడకి అంటించిన కాగితం ముందు కూర్చుని చాలావరకు ఇదే పని చేయొచ్చు. హెడ్‌సెట్‌తో ఆసక్తి నిలుస్తుంది, అంకెలు తెలుస్తాయి, మంచిదే, కానీ అది లేకపోతే దారి లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఇంకోటి, ఈ అధ్యయనాల్లో ఎక్కువ భాగం మెడనొప్పి మీద జరిగినవే, తల తిరగడం మీదే ప్రత్యేకంగా జరిగినవి తక్కువ, అందుకే తాతయ్యకి ఇదొక్కటే కాకుండా చేత్తో చేసే చికిత్స, గడ్డం లోపలికి లాగే వ్యాయామం, నడకలో తల తిప్పడం కూడా ఉన్నాయి.

మీ వీడియో గేమ్ హెడ్‌సెట్ తెచ్చి ఆయనకి రోలర్ కోస్టర్ చూపిద్దామని చిన్నోడు అన్నాడట. వద్దు నాన్నా. కళ్ళముందు లోకం పరిగెడుతుంటే, కూర్చున్న ఒళ్ళు కదలకపోతే, మళ్ళీ కబుర్లు కలవవు, బాగున్నవాళ్ళకే వికారం వస్తుంది. వైద్యానికి వాడే ఆటలో దృశ్యం తలతో పాటే కదులుతుంది, తల ఆగితే అదీ ఆగుతుంది, చుట్టూ గజిబిజి ఉండదు. డబ్బా బరువు కూడా అర కిలో దాకా ఉంటుంది, నొప్పి ఉన్న మెడకి అది తక్కువేమీ కాదు, అందుకే మొదట్లో రెండు మూడు నిమిషాలే.

సెలూన్‌లో మెడ విరిపించుకునే పని మాత్రం ఇంట్లో ఎవ్వరూ చేయకండి, మీ నాన్నకీ చెప్పండి. మెదడుకి రక్తం తీసుకెళ్ళే నాళాల్లో రెండు మెడ ఎముకల్లోంచే పైకి వెళతాయి, హఠాత్తుగా తిప్పితే లోపలి పొర చిరగొచ్చు. 2022లో హైదరాబాద్‌లో ఒకావిడకి బ్యూటీపార్లర్‌లో తల వెనక్కి వాల్చి జుట్టు కడుగుతుండగా స్ట్రోక్ వచ్చిందని పేపర్లలో వచ్చింది కూడా. తాతయ్యకే కాదు, ఎవరికైనా తల తిరగడంతో పాటు మాట తడబడినా, ఒకటి రెండుగా కనిపించినా, మూతి వంకరపోయినా, మింగలేకపోయినా, ఒక చెయ్యి పట్టు తప్పినా, ఎప్పుడూ లేనంత తలనొప్పి ఉన్నట్టుండి వచ్చినా, అది మెడో కాదో మీరు ఆలోచించొద్దు, పెద్దవాళ్ళ కోసం ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.

మిగతా రోజుల్లో మీ పని ఇది. తాతయ్య చేతుల్లేని స్టూల్ మీద కాకుండా చేతులున్న కుర్చీలో కూర్చోవాలి, ఒకరు పక్కన నిలబడాలి, పట్టుకోవద్దు, అందేంత దూరంలో ఉంటే చాలు. ఆట అయ్యాక కుడివైపు ఎన్ని డిగ్రీలు, ఎడమవైపు ఎన్ని, తూలడం పదికి ఎంత అని అడిగి నోట్‌బుక్‌లో తేదీ వేసి రాయండి. ఆట ఆపాక కాసేపు కాస్త తూలినట్టుంటే పర్వాలేదు, పావుగంటలో సర్దుకోవాలి. గంటలకొద్దీ ఉంటే మర్నాడు సగమే చేయించమని అమ్మకి చెప్పండి. స్కోరు తగ్గిన రోజు ఆటపట్టించకండి. ఆ నోట్‌బుక్ ఫొటో ఆదివారం నాకు వాట్సాప్‌లో పంపండి, ఏ వైపు వెనకబడిందో, ఎందుకో చూసి మీ ఫిజియో అంకుల్‌తో నేను మాట్లాడతాను.

ప్రేమతో,
మీ పెద్దమ్మ