ఎకరానికి ఎన్ని ట్యాంకర్లు?

మొన్న ధర్మవరం నుంచి మా మేనల్లుడు ఫోన్ చేసి అడిగాడు: "మామా, తుఫాను తీరం దాటి బలహీనపడిందని టీవీలో చెప్పినాకనే గదా మనకు వాన మొదలయ్యేది? బలం పోయినదానికి ఇన్ని నీళ్లు యాడివి?" ముప్పై ఏళ్లు సైన్సు చెప్పాను, క్లాసులో ఈ ప్రశ్న ఒక్కరూ అడగలేదు. అడిగే సందు మేమే ఇచ్చి ఉండం. తుఫాను పాఠమంటే కన్ను, దాని చుట్టూ గోడ, బొమ్మ గీస్తే నాలుగు మార్కులు, అంతే. ఆ బొమ్మ జోలికి నేనిప్పుడు పోను.

బలహీనపడింది అనే మాట గాలికి సంబంధించినది. మన వాతావరణ శాఖ లెక్కలో గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లకు చేరితే తుఫాను, 31 నుంచి 49 దాకా అయితే వాయుగుండం. అమెరికావాళ్లు హరికేన్లకు (వాళ్ల తుఫానుల పేరు అది) ఇచ్చే ఒకటి నుంచి ఐదు కేటగిరీలూ గాలి కొలతలే. వాన ఎంత పడుతుందో ఈ పేర్లలో ఎక్కడా లేదు. నేల మీదికి వచ్చాక కింద వెచ్చటి సముద్రం ఉండదు, చెట్లూ గుట్టలూ ఇళ్లూ అడ్డం తగులుతాయి కాబట్టి సుడి మెత్తబడుతుంది, నిజమే. కానీ పోగేసుకున్న ఆవిరి పైనే ఉంటుంది, పైగా సుడి వందల కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది కాబట్టి నడుము నేల మీదికి వచ్చినా ఒక చెయ్యి ఇంకా సముద్రంలోనే ఉండి నీళ్లు తోడుతుంటుంది.

ఇక లెక్కకు వద్దాం. అనంతపురం వాళ్లకు మిల్లీమీటర్ల కన్నా ట్యాంకర్లు బాగా తెలుసు. చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు. ఎకరా అంటే 4,047 చదరపు మీటర్లు, అంటే ఎకరాలో ఒక్క మిల్లీమీటరు పడితే 4,000 లీటర్ల చిన్న ట్యాంకరు ఒకటి కుమ్మరించినట్టు. మా జిల్లాకు ఏడాదికి సగటున దాదాపు 550 మిల్లీమీటర్లు, అంటే ఎకరానికి 550 ట్యాంకర్లు, అదీ వరుణుడు కరుణిస్తే. కరుణించకపోతే కప్పల పెళ్లి చేస్తాం, విరాటపర్వం చదివిస్తాం.

2017 ఆగస్టు 25న హరికేన్ హార్వే టెక్సస్‌లో రాక్‌పోర్ట్ దగ్గర తీరం దాటింది. దాటాక వెళ్లిపోకుండా అక్కడక్కడే తిరిగింది. నెదర్లాండ్ అనే ఊళ్లో (దేశం కాదు, టెక్సస్‌లోనే చిన్న ఊరు) మొత్తం 1,539 మిల్లీమీటర్లు కురిసింది. ఎకరానికి 1,539 ట్యాంకర్లు! మన మూడేళ్ల వాన అటూ ఇటూగా వారంలో. బరువులో చెప్పాలంటే ఎకరానికి 6,200 టన్నులు. ఆ బరువుకి హ్యూస్టన్ చుట్టుపక్కల భూమి 2 సెంటీమీటర్ల దాకా కుంగిందని జీపీఎస్ పరికరాలు పట్టేశాయి, నీళ్లు పోయాక మళ్లీ లేచింది. మనిషి కూర్చుంటే నులక మంచం కుంగినట్టు భూమి కుంగిందన్నమాట, ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఎందుకంత కురిసింది? దుమ్ము లేవకుండా రోడ్డు తడిపే ట్యాంకరును గుర్తు తెచ్చుకోండి. వేగంగా పోతే దుమ్ము అణుగుతుంది, అంతే. డ్రైవరు వాల్వు కట్టకుండా టీ తాగడానికి దిగితే అదే ధారకు అక్కడ మడుగు అవుతుంది. వాన పడే మేర 300 కిలోమీటర్లు, కురిసేది గంటకు 10 మిల్లీమీటర్లు అనుకుందాం. తుఫాను గంటకు 20 కిలోమీటర్లు నడిస్తే 15 గంటల్లో మన ఊరు దాటుతుంది, 150 ట్యాంకర్లు. 5 కిలోమీటర్లే నడిస్తే 60 గంటలు, 600 ట్యాంకర్లు. పైగా మొదటి వందా నూటయాభై నేల తాగుతుందేమో గానీ తర్వాతివన్నీ నేరుగా వంకలోకే.

తుఫానుకు తిరిగే ఇంజను ఉంది గానీ నడిచే ఇంజను లేదు. కాలువలో ఆకులాగా చుట్టూ ఉన్న పెద్ద గాలులు ఎటు నెడితే అటు పోతుంది. హార్వేకి రెండు పక్కలా అధికపీడనాలు (గాలి ఒత్తిడి ఎక్కువున్న ప్రాంతాలు) చేరి ఎదురెదురుగా నెట్టేసరికి ఆకు అక్కడే గిరగిరా తిరిగింది. మరుసటి ఏడాది హరికేన్ ఫ్లోరెన్స్ అమెరికాలోనే నార్త్ కరొలైనాలో తీరం దాటేటప్పటికి కేటగిరీ 1 మాత్రమే, తర్వాత మనిషి నడిచే వేగానికి తగ్గింది, 900 మిల్లీమీటర్లకు పైగా కురిపించింది. 1949 నుంచి 2016 దాకా తుఫానుల నడక ప్రపంచమంతా 10 శాతం మందగించిందని జేమ్స్ కాసిన్ అనే అమెరికా శాస్త్రవేత్త 2018లో లెక్కగట్టాడు. ఉపగ్రహాలు లేని కాలపు లెక్కల్ని ఎంతవరకు నమ్మాలని కొందరు తగువుపడ్డారు, ఆ తగువు సబబే. గాలి 1 డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరి పట్టుకోగలదన్న దాంట్లో మాత్రం తగువు లేదు.

నేల మీదికి వచ్చిన తుఫాను పుట్టించే సుడిగాలులు ఇంకో బెడద. నేల దగ్గర గాలి మందగిస్తుంది, పైన జోరుగా ఉంటుంది. ఆ రెంటి మధ్య గాలి, అరచేతుల మధ్య వత్తి చేసినట్టు, అడ్డంగా చుట్టుకుంటుంది. మేఘంలోకి ఎగసే గాలి దాన్ని నిలువుగా లేపితే టోర్నడో. హార్వే ఒక్కటే యాభైకి పైగా పుట్టించింది.

పడిన నీళ్లు పోవాలి కదా, అది కర్నూలు వాళ్లని అడగాలి. తుంగభద్ర నిండుగా ఉంటే హంద్రీ అందులో కలవలేక వెనక్కి ఎగదన్నుతుంది, శ్రీశైలం వెనక జలాలు పెరిగితే తుంగభద్రకీ అదే గతి. 2009 అక్టోబరు 2న ఊరు మునిగింది ఇలాగే. ఆ రోజుల్లో శ్రీశైలానికి వచ్చిన వరద దాదాపు 25 లక్షల క్యూసెక్కులు, అంటే సెకనుకు 17 వేల ట్యాంకర్లకు పైనే. తీరంలో శ్రీశైలం పాత్ర సముద్రానిది, గాలికి ఉబ్బిన అల నది నోటికి అడ్డం నిలబడుతుంది.

2021 నవంబరు 19న అప్పటి కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ తెల్లవారుజామున చెన్నై దగ్గర తీరం దాటింది వాయుగుండమే. తుఫాను స్థాయికి చేరలేదు కాబట్టి దానికి పేరు కూడా పెట్టలేదు.

అందుకే మావాడికి ఒకటే చెప్పాను, బులెటిన్‌లో గాలి వేగం వదిలేసి, గంటకు ఎన్ని కిలోమీటర్లు కదులుతోందో ఆ వాక్యం చూడరా అని. మర్నాడు పొద్దున్నే మళ్లీ ఫోన్. "గంటకు ఏడంట మామా. వంకలో మోటారు గట్టు మీదికి ఎత్తిస్తాండా."