కారు ఇంజన్ ఇంట్లో కడగొచ్చా? మా షెడ్‌లో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

దసరా వెళ్లిన మర్నాడు అనంతపురంలో ఏ మెకానిక్ షెడ్‌కైనా ఒకే రకం పని వస్తుంది. ఆయుధ పూజకని బండి కడుగుతూ బానెట్ ఎత్తి ఇంజన్ మీద కూడా పైపు పెట్టి ఉంటారు. పొద్దున తాళం తిప్పితే స్టార్ట్ కాదు. ఒకవేళ స్టార్ట్ అయినా ఒక సిలిండర్ పని చేయక బండంతా వణుకుతుంది. ఇది చూసినవాళ్లు ఇక ఇంజన్ జోలికే పోకూడదని తీర్మానించుకుంటారు. ఏటా పైపు పెట్టినా ఏమీ కానివాళ్లు మాత్రం ఎలా కడిగినా పర్వాలేదనుకుంటారు. ఇద్దరి మాటా సరైంది కాదు.

మన జిల్లాలో కారు ఉన్నవాళ్లకు ఈ పని తెలిసుండాలి. దేశంలో అతి తక్కువ వర్షం పడే జిల్లాల్లో మనదొకటి. ఆషాఢం గాలి మొదలైతే ఎర్రమట్టి దుమ్ము తలుపులు వేసిన ఇంట్లోకే వస్తుంది, బానెట్ కిందకు రాకుండా ఉంటుందా? తాడిపత్రి వైపు తిరిగే బండ్లకు సిమెంటు పొడి, బండల పాలిష్ పొడి కూడా తోడవుతాయి. ఎక్కడో ప్యాకింగ్ (ఇంజన్ భాగాల అతుకుల మధ్య లీకు కాకుండా పెట్టే పట్టీ) దగ్గర కొంచెం ఆయిల్ చెమ్మ ఉంటే చాలు, దుమ్మంతా అక్కడ పట్టి మడ్డి కడుతుంది. ఆ మడ్డి కింద లీకు ఎక్కడ మొదలైందో మెకానిక్‌కు కూడా కనిపించదు. ఇంజన్ శుభ్రంగా ఉంచుకోండని నేను పదేపదే చెప్పేది ఇందుకే.

అపోహ: ఇంజన్‌కు నీళ్లు తగిలితే పాడైపోతుంది.

వాస్తవం: వానలో, రోడ్డు మీద నిలిచిన నీళ్లలో వెళ్లినప్పుడు బానెట్ కిందకు నీటి తుంపర వస్తూనే ఉంటుంది. అది తట్టుకునేలాగే వైర్లను కలిపే కప్లర్లకు రబ్బరు సీళ్లు పెట్టి కంపెనీలు బండి తయారు చేస్తాయి. ఇంజన్‌కు చేటు చేసేది నీటి ఒత్తిడి. కారు టైరులో గాలి 30-35 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) ఉంటుంది. వాటర్ వాష్ ప్రెషర్ మెషీన్ కొట్టే నీళ్ల ఒత్తిడి 1,500 పీఎస్ఐ, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. ఆ ధార దగ్గరగా తగిలితే సీలు దాటుకుని నీళ్లు కప్లర్ లోపలికి పోతాయి. పాత బండ్లలో వేడికి ఆ సీళ్లు గట్టిపడి, కప్లర్ లాకులు విరిగి ఉంటాయి. వాటికి మామూలు పైపు ధార కూడా ఎక్కువే. రేడియేటర్ రేకులు కూడా ప్రెషర్‌కు వంగిపోతాయి.

నీళ్లు వాడేముందు కొన్ని చోట్లను ప్లాస్టిక్ కవరుతో కప్పి రబ్బరు బ్యాండు వేయాలి. ఆల్టర్నేటర్ (బ్యాటరీని చార్జ్ చేసేది), ఫ్యూజ్ బాక్స్, ఇంజన్ కంప్యూటర్, బ్యాటరీ, పెట్రోల్ బండి అయితే ఇంజన్ నెత్తిన ఉండే ఇగ్నిషన్ కాయిళ్లు, డీజిల్ అయితే ఇంజెక్టర్ల కప్లర్లు. డిప్‌స్టిక్ (ఆయిల్ లెవల్ చూసే పుల్ల), ఆయిల్ మూత బిగుతుగా ఉన్నాయో లేదో చేత్తో తిప్పి చూడండి. అన్నిటికంటే ముఖ్యమైనది ఎయిర్ ఫిల్టర్‌కు గాలి పీల్చే మూతి. గాలి నొక్కితే కుదించుకుంటుంది, నీళ్లు కుదించుకోవు. ఆ దారిన సిలిండర్‌లోకి నీళ్లు చేరి ఉండగా స్టార్ట్ చేస్తే పిస్టన్ పైకి రాలేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. తర్వాత ఇంజన్ మొత్తం విప్పాల్సిందే. మూతికి కట్టిన కవరు స్టార్ట్ చేసేముందు తీయడం మరిచిపోవద్దు.

అపోహ: ముందు బాగా తడిపితే మడ్డి నానుతుంది.

వాస్తవం: తడిపేముందు పొడిగా చేయాల్సిన పని చాలా ఉంది. మా దగ్గరికొచ్చే బండ్లలో సగం మురికి బ్రష్‌తోనే పోతుంది. పెయింటు వేసే పాత బ్రష్, ఇంట్లో ఉంటే వ్యాక్యూమ్ క్లీనర్ తీసుకోండి. అద్దం కింద వైపర్ల దగ్గర పేరుకున్న ఎండుటాకులు తీసేయండి. అవి జారి సైలెన్సర్ మానిఫోల్డ్ (ఇంజన్ నుంచి పొగ బయటికి పోయే వేడి గొట్టం) మీద పడితే అంటుకుంటాయి. ఎలుక గూడు ఉందేమో వెతకండి. పల్లెల్లో కొట్టం పక్కన, వేరుశెనక్కాయల మూటల పక్కన నిలిపే బండ్లలో ఇది చాలా ఎక్కువ. పొట్టు, పీచు, గుడ్డ పేలికలు బ్యాటరీ కింద కనిపిస్తే చుట్టుపక్కల వైర్లన్నీ ఒక్కసారి చూసుకోండి. పైతొడుగు కొరికిన వైరు మీద నీళ్లు పోయడం ప్రమాదం.

సిమెంటు ఫ్యాక్టరీల వైపు రోజూ తిరిగే బండ్ల విషయంలో దీన్ని ఇంకా గట్టిగా చెప్తాను. సిమెంటు పొడి తడిస్తే గట్టిపడుతుంది. రేడియేటర్ రేకుల మధ్య అది ఒక్కసారి పట్టిందంటే విడిపించడం చాలా కష్టం. రేకులు విరుగుతాయి తప్ప అది ఊడదు. పాలిష్ పొడి సిమెంటులా బిగుసుకోకపోయినా తడిసి ఆరితే పెచ్చు కడుతుంది. రేడియేటర్‌ను ఇంజన్ వైపు నుంచి బయటికి, తక్కువ గాలితో ఊదాలి. పొడి పూర్తిగా పోయాకే నీళ్ల మాట.

అపోహ: ఇంజన్ వేడిగా ఉన్నప్పుడే మడ్డి బాగా ఊడుతుంది.

వాస్తవం: గోరువెచ్చగా ఉంటే పని తేలికవుతుంది, అది నిజం. కాలుతున్న ఇంజన్ మీద నీళ్లు పోయడం వేరే సంగతి. సైలెన్సర్ మానిఫోల్డ్ వందల డిగ్రీలు వేడెక్కుతుంది. ఆ లోహం మీద చల్లటి నీళ్లు పడితే బీట వారొచ్చు. జిడ్డు వదిలించే మందు డీగ్రీజర్ అక్కడే ఆవిరై మరక మిగులుస్తుంది, మన చేతులు కాలుతాయి. బండి ఆపాక కనీసం గంట ఆగండి. ఇంజన్ మీద చేతి వెనక భాగం ఆనించి ఉంచగలిగితే మొదలుపెట్టొచ్చు. ఏప్రిల్, మే నెలల్లో ఎండలో నిలిపిన బండి నడపకపోయినా కాలుతూనే ఉంటుంది కాబట్టి పొద్దున్నే నీడలో చేసుకోండి. తాళం జేబులో పెట్టుకోండి. కొన్ని కార్లలో బండి ఆపాక కూడా రేడియేటర్ ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం ఎట్టి పరిస్థితిలో తిప్పొద్దు. లోపల ప్రెషర్‌లో ఉన్న కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) మొహం మీదికి చిమ్ముతుంది.

అపోహ: మడ్డికి కిరోసిన్‌ను మించిన మందు లేదు.

వాస్తవం: ఇది మా వృత్తిలో తరాలుగా నడుస్తున్న అలవాటు. విప్పిన ఇనుప సామాన్లను ట్రేలో వేసి కడగడానికి షెడ్లలో వాడారు, ఇప్పటికీ వాడుతున్నారు. ఆ అలవాటే బండిలో బిగించి ఉన్న ఇంజన్ మీదికి వచ్చింది. అక్కడ బ్యాటరీ ఉంది, వైర్లున్నాయి, వేడి సైలెన్సర్ ఉంది. సుమారు 38 డిగ్రీల దగ్గర కిరోసిన్ ఆవిరి నిప్పు అందుకోగలదు. మన ఊళ్లో మే నెలలో నీడలోనే 40 దాటే రోజులుంటాయి. పెట్రోల్ అయితే ఎంత చలిలోనైనా అంటుకుంటుంది, దాన్ని శుభ్రం చేయడానికి అసలు ముట్టుకోవద్దు. చిన్న స్పార్క్ చాలు. ఇంటి ముందు, పిల్లలు తిరిగే చోట ఈ పని చేస్తున్నవాళ్లను చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది.

నిప్పు సంగతి పక్కన పెట్టినా నష్టం ఉంది. కిరోసిన్, డీజిల్ తగిలిన రబ్బరు పైపులు ఉబ్బి మెత్తబడతాయి, కొన్నాళ్లకు పగులుతాయి. ఫ్యాన్ బెల్ట్ జారుతుంది. పైన మిగిలిన జిడ్డు పొర కొత్త దుమ్మును పట్టుకుంటుంది, నెలలోపే మళ్లీ అదే మడ్డి.

నీళ్లలో కలిసే రకం డీగ్రీజర్ ఆటోమొబైల్ షాపుల్లో దొరుకుతుంది. డబ్బా మీద రాసినంత నీళ్లే కలపండి. బెల్టుకు తగలకుండా మడ్డి మీద చల్లి, మూడు నాలుగు నిమిషాలు ఆగి, ఆరిపోకముందే బ్రష్‌తో రుద్దండి. సందుల్లోకి పాత టూత్ బ్రష్ పోతుంది. తర్వాత చెట్లకు కొట్టే చేతి స్ప్రేయర్‌తో కొంచెం కొంచెం నీళ్లు కొట్టి కడగండి, లేదా తడిగుడ్డతో మూడు నాలుగుసార్లు తుడవండి. మొదటిసారి చేసేవాళ్లకు గుడ్డ పద్ధతే మంచిదని నా అభిప్రాయం. ఒక బకెట్ నీళ్లతో పని అయిపోతుంది. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఆరితే తెల్లటి మచ్చలు పడతాయి. అందుకే చివర్లో పొడిగుడ్డతో తుడవడం మానొద్దు.

అపోహ: బట్టల సోడా, బాత్రూం యాసిడ్ అయితే తొందరగా పోతుంది.

వాస్తవం: ఇప్పటి ఇంజన్లలో చాలా భాగం అల్యూమినియం. ఈ రెండూ దాన్ని తింటాయి. ఒకసారి తెల్లగా పాలిపోయిన అల్యూమినియం మళ్లీ మామూలు కాదు.

అపోహ: బ్యాటరీ వైరు తీస్తే కారు కంప్యూటర్ పోతుంది.

వాస్తవం: పోదు. గడియారం, రేడియో సెట్టింగులు మళ్లీ పెట్టుకోవాలి, కొన్ని కార్లలో పవర్ విండో బటన్‌ను కూడా సెట్ చేసుకోవాలి. కడిగేముందు, తాళం తీశాక కొద్ది నిమిషాలు ఆగి ముందు మైనస్ వైరు విప్పండి, బిగించేటప్పుడు దాన్ని చివర్లో బిగించండి. ముందు ప్లస్ విప్పుతుంటే స్పానర్ పొరపాటున బాడీకి తగిలి షార్ట్ అవుతుంది. టెర్మినల్ మీద పట్టే తెల్లటి, నీలి పొడికి చెంచాడు తినే సోడా నీళ్లలో కలిపి టూత్ బ్రష్‌తో రుద్దితే చాలు. ఆ నీళ్లు బ్యాటరీ మూతల్లోంచి లోపలికి పోకూడదు.

హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లున్నవాళ్లు ఒక మాట గుర్తుపెట్టుకోండి. బానెట్ కింద నారింజ రంగు కేబుళ్లు కనిపిస్తే అవి హై వోల్టేజ్ లైన్లు. వాటి దగ్గర నీళ్లు, బ్రష్ ఏదీ వద్దు. పైపై దుమ్ము పొడిగుడ్డతో తుడిచి వదిలేయండి.

అపోహ: ఇంజన్ కడిగితే మైలేజ్ పెరుగుతుంది.

వాస్తవం: పైన శుభ్రం చేస్తే మైలేజ్ మారదు. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోతే పికప్ తగ్గుతుంది, రేడియేటర్ మూసుకుపోతే ఇంజన్ వేడెక్కుతుంది. మన దుమ్ములో ఈ రెండూ తరచూ చూసుకోవాలి. కాగితపు ఫిల్టర్‌ను మాత్రం నీళ్లలో కడగొద్దు.

అపోహ: మెరిసే ఇంజన్ అంటే బాగా చూసుకున్న బండి.

వాస్తవం: సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు ఈ మాట నమ్మే మోసపోతారు. అమ్మే ముందు రోజు ఇంజన్ కడిగి, పైన సిలికాన్ స్ప్రేనో డీజిల్‌నో కొట్టి మెరిపిస్తారు. లీకు తాత్కాలికంగా మాయమవుతుంది. మెరిసే ఇంజన్ కనిపిస్తే బండిని కనీసం అరగంట నడిపి, మళ్లీ బానెట్ ఎత్తి, కింద కూడా టార్చ్ వేసి చూడండి. సొంత బండికి మెరుపు కావాలంటే నీళ్ల ఆధారిత డ్రెస్సింగ్‌ను గుడ్డకు పూసి ప్లాస్టిక్ మీద రుద్దండి, బెల్టు వైపు పోవద్దు.

అపోహ: కడిగిన వెంటనే స్టార్ట్ చేస్తే ఆ వేడికి ఆరిపోతుంది.

వాస్తవం: ముందు ఆరాలి, తర్వాతే స్టార్ట్. కవర్లన్నీ తీసి, గుంతల్లో నిలిచిన నీళ్లు గుడ్డతో అద్ది, కొంతసేపు బానెట్ ఎత్తి ఉంచండి. మన ఎండకు గంట, రెండు గంటలు చాలు. తర్వాత బ్యాటరీ బిగించి, పది నిమిషాలు స్లోలో నడవనివ్వండి. బెల్టు కొద్ది క్షణాలు కీచుమంటే టెన్షన్ పడొద్దు, చెమ్మ ఆరితే ఆగిపోతుంది. ఇంజన్ వణుకుతూ చెక్ ఇంజన్ లైట్ వెలిగి ఆరుతుంటే వెంటనే ఆపేయండి. స్పార్క్ ప్లగ్ గుంతలో నీళ్లు చేరి ఉంటాయి. అలాగే నడిపితే కాలని పెట్రోల్ సైలెన్సర్‌లోకి పోయి పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాలుస్తుంది, అది చాలా ఖరీదైన సామాను.

కడిగిన నీళ్లలో ఆయిల్ ఉంటుంది. బోరు, బావి, పంట కాలువల వైపు పారనివ్వొద్దు. బండి కింద పాత గోనెసంచులు పరిచి పైన రంపపు పొట్టు చల్లితే జిడ్డంతా అది పీల్చుకుంటుంది.

ఇక కడిగినందుకు అసలు లాభం రెండు మూడు రోజులు బండి నడిపాక తెలుస్తుంది. బానెట్ ఎత్తి కొత్త తడి ఎక్కడుందో చూడండి. ఇంజన్ నెత్తిన ఉండే ట్యాపెట్ కవర్ అంచున గోధుమ రంగు చెమ్మ ఉంటే ప్యాకింగ్ పోయినట్టు, తొందర లేదు, వచ్చే సర్వీసులో మార్పించుకోవచ్చు. పచ్చగానో గులాబీ రంగులోనో ఉంటే అది కూలెంట్, ఆ వారంలోనే చూపించాలి. కూలెంట్ ట్యాంకీలో లెవల్ తగ్గుతుంటే దూర ప్రయాణం పెట్టుకోవద్దు. పెట్రోల్ లేదా డీజిల్ వాసనతో తడి కనిపించినా, బ్రేక్ ఆయిల్ డబ్బా దగ్గర, బ్రేక్ పైపుల వెంట చెమ్మ కనిపించినా ఆ బండిని నడుపుకుంటూ షెడ్‌కు తేవొద్దు. ఫోన్ చేసి మెకానిక్‌నే ఇంటికి రమ్మనండి.