అడ్మైర్ అన్నా రెస్పెక్ట్ అన్నా ఒకటేనా? అపోహలు - వాస్తవాలు

స్పోకెన్ ఇంగ్లిష్ నేర్చుకోవడానికి వచ్చేవాళ్ల టెన్షన్ అంతా గ్రామర్ మీదే ఉంటుంది. నాకు ఎక్కువ పని పెట్టేవి మాత్రం ఇరుగుపొరుగు మాటలు. రెస్పెక్ట్, ఎస్టీమ్, అప్రిషియేట్, అడ్మైర్: నాలుగింటికీ నోట్సులో ఒకటే అర్థం రాసుకుని వస్తారు, "గౌరవించుట, మెచ్చుకొనుట" అని. వీటిలో బాగా నలిగిపోయేది అడ్మైర్.

అపోహ: అడ్మైర్ చేయడమంటే మెచ్చుకోవడమే.

సగం నిజం. తెలుగులో మెచ్చుకోవడం నోటితో చేసే పని. "మా మేనేజర్ నన్ను మెచ్చుకున్నారు" అంటే, ఆయన ఏమన్నారని వెంటనే అడుగుతాం. మెచ్చి మేకతోలు కప్పారని వెటకారం చేసేది కూడా మెప్పు నలుగురికీ కనపడాలన్న లెక్కతోనే. పైకి అనకపోతే "లోలోపల మెచ్చుకున్నారు" అని విడిగా చెప్పాల్సి వస్తుంది.

అడ్మైర్ అలా కాదు, అది మనసులో జరిగేది. ఏళ్ల తరబడి ఒకరిని అడ్మైర్ చేస్తూ ఒక్క ముక్క కూడా అనకుండా ఉండిపోవచ్చు. అందుకే "మై మేనేజర్ అడ్మైర్డ్ మీ ఇన్ ద మీటింగ్" అని రాస్తే, ఆయన పని మానేసి మిమ్మల్నే చూస్తూ కూర్చున్నారేమో అన్న అనుమానం వస్తుంది. హెచ్‌ఆర్ దాకా వెళ్లగల వాక్యం అది! అక్కడ రాయాల్సింది ప్రెయిజ్‌డ్.

అపోహ: ఎవరినైనా అడ్మైర్ చేశామంటే వాళ్లు మంచివాళ్లని ఒప్పుకున్నట్టే.

ఈ మాట పుట్టుకలో మంచితనం ఊసే లేదు. లాటిన్‌లో మిరారి అంటే ఆశ్చర్యపోవడం. మిరకిల్, మార్వెల్ కూడా ఆ ఇంటివే. ఇంకా వెనక్కి వెళితే భాషా శాస్త్రవేత్తలు దీన్ని సంస్కృతంలోని "స్మి" ధాతువుతో కలుపుతారు. మన స్మితం, విస్మయం వచ్చింది ఆ ధాతువు నుంచే. అంటే అడ్మిరేషన్‌కి అసలైన చుట్టం గౌరవం కాదు, విస్మయం.

పాత ఇంగ్లిష్ పుస్తకాల్లో ఇది సూటిగా కనిపిస్తుంది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో, ప్రకటన గ్రంథం 17వ అధ్యాయంలో, పరిశుద్ధుల రక్తంతో మత్తెక్కి ఉన్న స్త్రీని యోహాను చూస్తాడు. చూసి "గ్రేట్ అడ్మిరేషన్" పొందానంటాడు. ఆమె అంటే ఆయనకి గౌరవం కలిగిందని కాదు కదా! తెలుగు బైబిల్లో అక్కడ ఆశ్చర్యమనే ఉంటుంది. మనం ఆశ్చర్యార్థకం అనే గుర్తుని కూడా ఒకప్పుడు ఇంగ్లిష్‌లో నోట్ ఆఫ్ అడ్మిరేషన్ అనేవాళ్లు.

తర్వాత్తర్వాత ఆశ్చర్యానికి ఆమోదం తోడైంది. ఆమోదాన్ని వింత, ఆశ్చర్యం ఇంకో మెట్టు పైకి ఎక్కిస్తే అదే అడ్మిరేషన్ అని స్కాట్లాండ్ తత్వవేత్త, ఆర్థికవేత్త ఆడం స్మిత్ 1759లో రాశాడు. నాకు తెలిసినంతలో ఇంతకంటే పొట్టి, గట్టి నిర్వచనం లేదు. పాత వాసన మాత్రం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. "యూ హావ్ టు అడ్మైర్ హిజ్ నెర్వ్" అన్నప్పుడు వినపడేది మెప్పు కాదు, "వీడి ధైర్యం పాడుగాను!" అన్న ధోరణి.

అపోహ: రెస్పెక్ట్ ఎక్కువైతే అదే అడ్మిరేషన్.

ఇవి ఒకే మెట్ల మీద లేవు. రెస్పెక్ట్‌ని అడిగి పుచ్చుకోవచ్చు. "మర్యాద ఇచ్చి మర్యాద పుచ్చుకో" అని మనం దెబ్బలాడతాం కూడా. నన్ను అడ్మైర్ చెయ్యి అని మాత్రం ఎవరం అడగలేం. స్టీఫెన్ డార్వాల్ అనే తత్వవేత్త 1977లో రెస్పెక్ట్‌ని రెండుగా విడదీశాడు: మనిషి అయినందుకే ఇవ్వాల్సింది ఒకటి, అతని గుణాన్ని చూసి కలిగేది ఇంకొకటి. అడ్మిరేషన్ ఈ రెండో దాని దరిదాపుల్లో ఉంటుంది. మొదటి దానితో దానికి సంబంధమే లేదు.

క్లాసులో నేను పెట్టే పరీక్ష ఒకటుంది. ప్రతి మాటకీ ముందు సెల్ఫ్ తగిలించండి. సెల్ఫ్ రెస్పెక్ట్ అంటే ఆత్మగౌరవం. 1982లో దాని పేరు మీద ఒక పార్టీ పుట్టి అధికారంలోకే వచ్చింది. సెల్ఫ్ ఎస్టీమ్ కోసం జనం కౌన్సెలింగ్‌కి వెళతారు. సెల్ఫ్ అడ్మిరేషన్ అనండి, వెంటనే అద్దం ముందు నుంచి కదలని మనిషి గుర్తొస్తాడు. ఒకటే అర్థమైతే ఇంత తేడా ఎందుకు వస్తుంది?

అపోహ: అప్రిషియేట్, ఎస్టీమ్ అనేవి అడ్మైర్‌కి మర్యాద రూపాలు.

రెండూ వెల కట్టే బేరం నుంచి వచ్చిన మాటలు. అప్రిషియేట్‌లో ఉన్నది ప్రైస్, అంటే వెల. రూపాయి విలువ పెరిగినా రూపాయి అప్రిషియేట్ అయిందనే అంటారు. ఎస్టీమ్, ఎస్టిమేట్ తోబుట్టువులు. సాయం చేసిన వాళ్లకి "ఐ అప్రిషియేట్ యువర్ హెల్ప్" అంటే థాంక్స్ చెప్పినట్టు. అక్కడ అడ్మైర్ పెడితే సాయాన్ని షోకేసులో పెట్టి చూస్తున్నట్టుంటుంది.

అపోహ: అడ్మైరర్ అంటే అభిమాని.

హీరోకి సరే. కానీ "షి హాజ్ ఎన్ అడ్మైరర్" అంటే ఆమె మీద ఎవరో మనసు పడ్డారని. పైగా మన అభిమానానికి రోషమనే అర్థం కూడా ఉంది, అది అడ్మైరర్‌లో లేదు.

అపోహ: "అయామ్ అడ్మైరింగ్ యూ" తప్పేం కాదు.

మనిషి గుణం గురించైతే "ఐ అడ్మైర్ యూ" చాలు. అడ్మైరింగ్ అన్నారంటే ఆ క్షణాన కళ్లప్పగించి చూస్తున్నారని. అరకు లోయలో వ్యూ పాయింట్ దగ్గర నిలబడి "అయామ్ అడ్మైరింగ్ ద వ్యూ" అనండి, బంగారంలా ఉంటుంది.

అపోహ: ఒకరిని అడ్మైర్ చేస్తే వాళ్లలా ఎదుగుతాం.

ఇది భాష దాటిన విషయమే గానీ, ఎస్‌ఓపీలు (విదేశీ యూనివర్సిటీలకి అప్లై చేసేవాళ్లు రాసే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లు) దిద్దేటప్పుడు నాకు రోజూ అక్కరకొస్తుంది. నెదర్లాండ్స్‌లోని టిల్బర్గ్ యూనివర్సిటీ పరిశోధకులు 2011లో దీన్ని విద్యార్థుల మీద పరీక్షించారు. వాళ్లని ఎక్కువ కష్టపడేలా చేసింది అడ్మిరేషన్ కాదు, "నాకూ అది కావాలి" అనే చెడుపు లేని అసూయ. అడ్మిరేషన్‌లో ఎంతో కొంత దూరం ఉంటుంది, కింద నిలబడి పైకి చూడటం ఉంటుంది. కాబట్టి అమెరికా ప్రొఫెసర్‌కి "ఐ హావ్ ఆల్వేస్ అడ్మైర్డ్ యువర్ వర్క్" అని ఒక పేరా నింపకండి. ఆయన పేపర్‌లో మీకు ఎక్కడ అనుమానం వచ్చిందో రెండు లైన్లు రాయండి.