పోరంబోకు

అమ్మీ, చిన్నోడా,

మొన్న ఫోన్లో మీ కొట్లాట వినపడింది. తమ్ముణ్ణి "పోరంబోకు వెధవా" అని తిట్టిందెవరో నేను అడగనులే. మీ అమ్మ కూడా చిన్నప్పుడు అదే తిట్టేది, ఆ తిట్టు ఆమెకు నా దగ్గరే వచ్చింది. కానీ ఆ మాట గురించి మీకు ఒకటి చెప్పాలనిపించి కాగితం పట్టుకున్నా.

అది అరవం నుంచి వచ్చిన మాట. 'పుఱం' అంటే బయట. శిస్తు కట్టే పొలాలు ఊళ్లో ఒక లెక్క. ఆ లెక్కకు బయట ఉన్నదంతా పోరంబోకు: చెరువు, వంక, బండ్లబాట, శ్మశానం, పశువులు మేసే బీడు. వీటికి ఎవరి పేరునా పట్టా ఉండదు. పనీపాటా లేనివాడు కూడా ఏ లెక్కలోకీ రాడని ఆ పేరు పెట్టి తిట్టారు కాబోలు. పాపం, ఆ నేల ఏం చేసిందని!

నా పేరున సెంటు భూమి ఎప్పుడూ లేదు. మా నాయన పొలం మా అన్నలకు పోయింది, ఇక్కడిది మీ తాత పేరున ఉండేది. ఎవరినీ అడక్కుండా నేను కాలు పెట్టగలిగిన చోటు ఊరిబయట బీడొక్కటే. పేడ ఎత్తుకొస్తానని గంప పట్టుకుని పోయేదాన్ని. గంప సగమైనా నిండేది కాదు గానీ, కొంగు నిండా కలివి పండ్లు ఉండేవి. ముళ్లు చేతులు గీరేస్తాయి, కాయ తుంచితే తెల్లటి పాలు కారి పెదాలు అంటుకుపోతాయి. నల్లగా మాగిన పండు నోట్లో వేసుకున్నాక అవేవీ గుర్తుండవు. తంగేడును పశువులు ముట్టవు కాబట్టి బీడంతా పచ్చగా పూసి ఉండేది. రేగుచెట్టు కింద పిల్లలందరం పంచాయితీ పెట్టేవాళ్లం.

తొలకరి పడ్డ మర్నాడు చూడాలి ఆ నేలను. ఎర్ర మఖమల్ ముక్కలు చల్లినట్టు ఆరుద్ర పురుగులు బయటికొచ్చేవి. పురుగని అంటాం గానీ దానికి ఎనిమిది కాళ్లు, సాలీడు చుట్టం. అరచేతిలో పెట్టుకుంటే కాళ్లు ముడుచుకుని పూసలా అయిపోతుంది. కదలకుండా చేయి చాపి కూర్చుంటే మళ్లీ మెల్లగా నడక మొదలుపెడుతుంది. నాకు ఓర్పంటూ ఏమైనా ఉంటే అక్కడ నేర్చుకున్నదే.

చిన్నోడా, నీకు పక్షులంటే ఇష్టం కదా. ఆ కలివి పొదల పేరుతోనే కలివి కోడి అని ఒక పిట్ట ఉంది. పగలంతా పొద కింద దాక్కుని రాత్రిళ్లు తిరుగుతుంది. 1900 తర్వాత ఎవరికీ కనపడకపోయేసరికి ఇక ఆ జాతే లేదనుకున్నారు. 1986లో మన కడప జిల్లాలోనే, లంకమల కొండల కింద చిట్టడవిలో మళ్లీ దొరికింది. దానికి దట్టమైన అడవి పనికిరాదు, చదును చేసిన చేనూ పనికిరాదు. ముళ్లపొదలు, వాటి మధ్య పరుగెత్తడానికి కాస్త ఖాళీ నేల ఉండాలి. అంటే, చూసినవాళ్లు "ఊరికే పడి ఉంది" అంటారే, అచ్చం అలాంటి నేల. ఆ పిట్ట కోసమే తెలుగుగంగ కాలవ దారిని కూడా కొంత మార్చారు.

మన ఊరి బీడులో సగానికి ఇప్పుడు కంచె పడింది. ఎవరు వేశారో ఊరందరికీ తెలుసు, ఉత్తరంలో ఎందుకులే. 2011లో సుప్రీంకోర్టు పంజాబ్‌లోని ఒక ఊరి చెరువు కేసులో తీర్పు చెబుతూ, ఊరుమ్మడి భూముల్లో ఆక్రమణలు తీసేయించి తిరిగి ఊళ్లకు అప్పగించాలని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. ఈ సంగతి పక్కింటి టీచరమ్మ చెప్పింది. ఆమె చేత అర్జీ రాయించి, మేం పదకొండు మంది ఆడవాళ్లం సంతకాలు పెట్టాం. ఇద్దరు వేలిముద్రలేశారు. జవాబు ఇంకా రాలేదు. నెలకోసారి పోయి అడుగుతున్నాం. ఆఫీసులో నన్ను చూస్తే చాలు, కుర్చీ వేస్తున్నారు.

మిగిలిన సగం మాత్రం అలాగే ఉంది. జూన్ చివర్లో, ఒక వాన పడ్డాక రండి. శని ఆదివారాలు చాలు, మీ అమ్మతో నేను మాట్లాడతా. తెల్లచొక్కాలు తెచ్చుకోకండి, కలివి పండు మరక ఏ సబ్బుకీ పోదు.

మీ అవ్వ